జిరా సమీక్ష: స్ప్రింట్ ప్లానింగ్ నుంచి బర్న్‌డౌన్ దాకా

సాఫ్ట్‌వేర్ టీముల పనిని ట్రాక్ చేసే సాధనం జిరా. దాన్ని తీసుకోవాలా వద్దా అన్నది చాలా టీములు ఫీచర్ల జాబితా చూసి తేల్చేస్తాయి. ఆ జాబితాలో జిరాకు లోటేమీ లేదు. బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల వరస), స్క్రమ్ బోర్డు (నిర్ణీత విడతల్లో చేసే పనికి), కాన్‌బాన్ బోర్డు (విడతలు లేకుండా సాగే పనికి), టైమ్‌లైన్, రిపోర్టులు, ఆటోమేషన్, కోడ్ రిపాజిటరీలతో లింకు, అన్నీ ఉన్నాయి. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే: మీ టీములో బోర్డు సెటింగులను తన పనిగా చూసుకునే మనిషి ఉన్నారా? ఉంటే, ఎజైల్ టీముల (చిన్న చిన్న విడతల్లో పనిచేసే టీముల) పని ప్లాన్ చేసి ట్రాక్ చేయడానికి ఇంత గట్టి సాధనం తక్కువ. లేకపోతే కొన్ని స్ప్రింట్లు (రెండేసి వారాల్లాంటి పని విడతలు) తిరిగేసరికి బర్న్‌డౌన్‌ను (మిగిలిన పని ఎలా తగ్గుతోందో చూపే గ్రాఫ్‌ను) ఎవరూ నమ్మరు, స్టాండప్‌లో (రోజువారీ చిన్న సమావేశంలో) బోర్డు తెరవడం మానేస్తారు, అసలు లెక్కలు ఎక్సెల్‌లోకి వెళ్లిపోతాయి.

ఎందుకిలా అన్నది జిరా పుట్టుకలోనే ఉంది. అట్లాసియన్ అనే కంపెనీ దీన్ని 2002లో బగ్ ట్రాకర్‌గా విడుదల చేసింది. బోర్డులు, స్ప్రింట్లు తర్వాత వచ్చిన పొర. గ్రీన్‌హాపర్ అనే ప్లగిన్‌ను 2009లో కొన్నారు, 2013లో దానికి జిరా ఎజైల్ అని పేరు మార్చారు, 2015 నాటికి అది జిరా సాఫ్ట్‌వేర్‌లో భాగమైపోయింది. ఈ రోజుకీ లోపల రెండు పొరలే: అడుగున టికెట్ (ఒక్కో పని నమోదు), స్టేటస్, రిజల్యూషన్ (పని ఎలా ముగిసిందో చెప్పే ఫీల్డు), వర్క్‌ఫ్లో (స్టేటస్‌లు మారే దారి), పైన కాలమ్, స్ప్రింట్, ర్యాంక్, బర్న్‌డౌన్. ఈ రెండింటినీ కలిపే మ్యాపింగ్ మీ చేతిలో ఉంటుంది. రిపోర్టుల్లో తప్పుడు అంకెలు దాదాపు ఎప్పుడూ ఆ అతుకు దగ్గరే పుడతాయి. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ఈమధ్య స్క్రీన్ల మీద ఇష్యూను వర్క్ ఐటమ్ అనీ, ప్రాజెక్టును స్పేస్ అనీ మార్చారు. టీముల్లో అందరూ టికెట్, ప్రాజెక్టు అనే అంటారు కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

మొదటి నిర్ణయం: ప్రాజెక్టు రకం

కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే టీమ్ మేనేజ్డా, కంపెనీ మేనేజ్డా అని జిరా అడుగుతుంది. అంతగా ఆలోచించకుండా నొక్కేసే బటన్ ఇది, తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే.

టీమ్ మేనేజ్డ్‌లో స్టేటస్‌లు, ఫీల్డులు, టికెట్ రకాలు అన్నీ ఆ ప్రాజెక్టుకే పరిమితం. జిరా అడ్మిన్‌ను అడగకుండా టీమే మార్చుకోవచ్చు. గంటలో బోర్డు సిద్ధం. కంపెనీ మేనేజ్డ్‌లో వర్క్‌ఫ్లో, స్క్రీన్లు, పర్మిషన్లు, నోటిఫికేషన్లు అన్నీ స్కీములుగా ఉంటాయి, ఒక్కో స్కీమును చాలా ప్రాజెక్టులు పంచుకుంటాయి. ఒక స్టేటస్ చేర్చాలన్నా సాధారణంగా అడ్మిన్ కావాలి, ఆ మార్పు అదే వర్క్‌ఫ్లో వాడుతున్న ప్రతి ప్రాజెక్టునూ తాకుతుంది.

ఒకే టీము, ఒకే ప్రొడక్టు, వేరే టీములతో కలిపి రిపోర్టు చూపించాల్సిన అవసరం లేదు అంటే టీమ్ మేనేజ్డ్ చక్కగా సరిపోతుంది. రెండో టీము వచ్చే అవకాశం ఉంటే మాత్రం మొదటి రోజే కంపెనీ మేనేజ్డ్ తీసుకోండి. కారణం అంచనాల ఫీల్డు. కంపెనీ మేనేజ్డ్‌లో పాయింట్లు (పని ఎంత పెద్దదో చెప్పే అంచనా అంకెలు) ‘స్టోరీ పాయింట్స్’ అనే ఫీల్డులో ఉంటాయి, టీమ్ మేనేజ్డ్‌లో ‘స్టోరీ పాయింట్ ఎస్టిమేట్’ అనే మరో ఫీల్డులో. చూడటానికి ఒకటే, డేటాబేసులో రెండు. ఈ రకం నుంచి ఆ రకానికి టికెట్లు మార్చినప్పుడు పాయింట్లు వాటంతట అవి సరైన చోటికి రావు. బోర్డు మీద స్టోరీలన్నీ (యూజర్‌కు పనికొచ్చే ఒక్కో పనికి రాసిన టికెట్లు) కనిపిస్తాయి, మొత్తం పాయింట్లు మాత్రం సున్నా. కాబట్టి మార్చే ముందు టికెట్ కీ, పాయింట్లు రెండు కాలమ్‌లుగా సీఎస్‌వీ అనే పట్టిక ఫైల్లోకి దించుకుని, మార్చాక తిరిగి ఎక్కించండి. వందల టికెట్లున్న బ్యాక్‌లాగ్‌కు ఇది అరపూట పని. చేయకపోతే అన్నిటికీ మళ్లీ పాయింట్లు వేసుకోవాల్సి వస్తుంది.

టీమ్ మేనేజ్డ్ ప్రాజెక్టులు పెరిగేకొద్దీ మరో చిక్కు. ప్రతి టీమూ తన ‘ప్రయారిటీ కారణం’ లాంటి ఫీల్డును తానే తయారు చేసుకుంటుంది. సెర్చ్‌లో ఒకే పేరుతో ఐదారు ఫీల్డులు కనిపిస్తాయి, ఏది ఎవరిదో తెలియదు.

బోర్డు అంటే ఒక ఫిల్టర్, అంతే

కంపెనీ మేనేజ్డ్ ప్రాజెక్టులో బోర్డు టికెట్లను దాచుకునే పెట్టె కాదు. సేవ్ చేసిన ఒక ఫిల్టర్ ఏ టికెట్లను తెస్తే వాటిని కాలమ్‌లలో పేర్చి చూపిస్తుంది. ఇది అర్థమైతే జిరాలో సగం చిక్కుముడులు విడిపోతాయి.

కొత్తగా చేరినవాళ్లకు బోర్డు కనిపించడం లేదా? ఫిల్టర్ షేర్ చేయలేదు. ఫిల్టర్ యజమాని కంపెనీ వదిలి వెళ్లిపోతే దాన్ని సరిదిద్దడానికి అడ్మిన్ వెనక పడాలి, కాబట్టి మొదట్లోనే ఎడిట్ హక్కు టీము మొత్తానికి ఇచ్చేయండి. బ్యాక్‌లాగ్‌లో టికెట్లను పైకీ కిందికీ లాగడం కుదరడం లేదా? ఫిల్టర్ చివర వరస ర్యాంక్ ప్రకారం కాకుండా ప్రయారిటీ ప్రకారమో, తయారైన తేదీ ప్రకారమో ఉంది. ‘ఆర్డర్ బై ర్యాంక్’ అని మార్చగానే కుదురుతుంది. బ్యాక్‌లాగ్ వరసను ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందో తేల్చే మనిషి) చేత్తో పెట్టాలి. ప్రయారిటీ ఫీల్డు చేత పెట్టించాలనుకోవడం పొరపాటు, ఎందుకంటే అందులో అరవై టికెట్లు ‘హై’ అనే ఉంటాయి.

మన బోర్డులో ఎవరిదో స్ప్రింట్ తేలుతోందా? స్ప్రింట్ ఏ బోర్డులో తయారైతే ఆ బోర్డుదే అయినా, అందులో ఉన్న ఒక్క టికెట్టు మన ఫిల్టర్‌కు తగిలితే చాలు, ఆ స్ప్రింట్ ఇక్కడా కనిపిస్తుంది. పక్క టీము మన ప్రాజెక్టులోని బగ్‌ను తమ స్ప్రింట్‌లోకి లాక్కున్నప్పుడు జరిగేది ఇదే. అది కనిపిస్తోందని ‘కంప్లీట్ స్ప్రింట్’ నొక్కితే వాళ్ల స్ప్రింట్ ముగిసిపోతుంది. దీనికి తోడు, ఒక బోర్డు ఫిల్టర్ మూడు ప్రాజెక్టుల నుంచి టికెట్లు తెస్తుంటే, స్ప్రింట్ మొదలుపెట్టడానికి ఆ మూడింటిలోనూ ‘మేనేజ్ స్ప్రింట్స్’ పర్మిషన్ ఉండాలి. స్ప్రింట్ మొదలుపెట్టే బటన్ పనిచేయని ఉదయాల్లో ముందు చూడాల్సింది ఇదే.

ఇక టికెట్టు బోర్డులోంచి మాయమైతే, సాధారణంగా దాని స్టేటస్ ఏ కాలమ్‌కూ మ్యాప్ అయి లేదని అర్థం. వర్క్‌ఫ్లోలో అడ్మిన్ కొత్త స్టేటస్ చేర్చాడు, బోర్డు సెటింగులో ఎవరూ దాన్ని కాలమ్‌లోకి లాగలేదు. జిరా హెచ్చరికలాంటిదేమీ ఇవ్వదు. ఈ విషయంలో జిరాను గట్టిగా తప్పుపట్టాలి. మ్యాప్ కాని స్టేటస్‌లో టికెట్లు ఉన్నాయని బోర్డు మీదే ఒక్క వాక్యం చూపిస్తే ఎన్నో గంటలు మిగిలేవి.

‘అయిపోయింది’ అని మూడు చోట్ల చెప్పాలి

జిరాను సరిగ్గా వాడేవాళ్లకూ సతమతమయ్యేవాళ్లకూ తేడా ఇక్కడే. ఒక టికెట్టు పూర్తయిందని జిరా మూడు వేర్వేరు చోట్ల చూస్తుంది, ఒక్కో రిపోర్టు ఒక్కోదాన్ని నమ్ముతుంది.

మొదటిది కాలమ్. బర్న్‌డౌన్, వెలాసిటీ (ఒక్కో స్ప్రింట్‌లో పూర్తయిన పాయింట్లు), స్ప్రింట్ రిపోర్టు చూసేది బోర్డులో కుడి చివరి కాలమ్‌ను. అందులోకి మ్యాప్ అయిన స్టేటస్‌లో ఉంటేనే పని పూర్తయినట్టు. రెండోది స్టేటస్ కేటగిరీ. ప్రతి స్టేటస్‌కూ టు డూ, ఇన్ ప్రోగ్రెస్, డన్ అనే మూడింటిలో ఒక కేటగిరీ ఉంటుంది. బూడిద, నీలం, ఆకుపచ్చ రంగులు వచ్చేది దీన్నుంచే. మూడోది రిజల్యూషన్ ఫీల్డు. టికెట్ కీ మీద అడ్డగీత పడటం, డ్యాష్‌బోర్డులో తయారైనవి ఎన్ని, పరిష్కారమైనవి ఎన్ని అనే గ్రాఫ్, ‘అన్‌రిజాల్వ్డ్’ అని వెతికే ఫిల్టర్లు, ఇవన్నీ దీన్నే చూస్తాయి.

మూడూ ఒక్కమాట మీద లేకపోతే ఏమవుతుందో చూడండి. టీము కుడి చివర ‘డన్’ తర్వాత ‘రిలీజ్డ్’ అనే కాలమ్ చేర్చుకుంది అనుకుందాం. నెలకోసారి రిలీజ్. ఇక రెండు వారాల స్ప్రింట్‌లో బర్న్‌డౌన్ గీత కిందికి దిగదు, వెలాసిటీ ఒక స్ప్రింట్‌లో సున్నా, తర్వాతి స్ప్రింట్‌లో రెట్టింపు. టీము పనిచేయడం లేదని పైవాళ్లు అనుకుంటారు. పరిష్కారం తేలిక: ‘డన్’, ‘రిలీజ్డ్’ రెండు స్టేటస్‌లనూ చివరి ఒకే కాలమ్‌లో పెట్టండి. రిలీజ్ ఎప్పుడైందో తెలియాలంటే దానికి వెర్షన్ ఫీల్డు ఉంది.

రిజల్యూషన్ విషయంలో రెండు తప్పులు పదేపదే కనిపిస్తాయి. డన్‌కు తీసుకెళ్లే ట్రాన్సిషన్‌లో (స్టేటస్ మారే మెట్టులో) రిజల్యూషన్ నింపే పోస్ట్ ఫంక్షన్ (ఆ మార్పుతోపాటు జిరా తనంతట తాను చేసే పని) పెట్టకపోవడం ఒకటి. అలాంటి టికెట్లు ఆకుపచ్చగా ఉంటాయి, పెండింగ్ ఫిల్టర్‌లో మాత్రం ఏళ్ల తరబడి వేలాడుతుంటాయి. అలాగే తిరిగి తెరిచే ట్రాన్సిషన్‌లో రిజల్యూషన్‌ను చెరిపేయాలి, లేకపోతే డెవలపర్ చేతిలో ఉన్న టికెట్టు మీద అడ్డగీత అలాగే ఉండిపోతుంది. రెండో తప్పు ఇంకా ప్రమాదకరం: రిజల్యూషన్ విలువల జాబితాలో ‘అన్‌రిజాల్వ్డ్’ అని ఒకటి చేర్చడం. ఫీల్డు ఖాళీగా ఉంటేనే జిరా దాన్ని అన్‌రిజాల్వ్డ్ అంటుంది. అదే పేరుతో ఒక విలువ పెడితే, అది నింపిన ప్రతి టికెట్టూ జిరా కళ్లకు పరిష్కారమైపోయినట్టే.

స్టేటస్‌ల సంఖ్య మీద కూడా ఒకమాట. టు డూ, ఇన్ ప్రోగ్రెస్, రివ్యూ, టెస్టింగ్, డన్: ఐదు చాలు. ‘బ్లాక్డ్’ అని కాలమ్ పెట్టకండి. పని ఆగిన టికెట్టును ఆ కాలమ్‌లోకి లాగితే అది రివ్యూలో ఆగిందా, టెస్టింగ్‌లో ఆగిందా అన్నది పోతుంది. టికెట్టు మెనూలో ‘యాడ్ ఫ్లాగ్’ ఉంది. నొక్కితే కార్డు ఉన్నచోటే రంగు మారుతుంది, కారణం కామెంటుగా రాయొచ్చు. స్టాండప్‌లో కుడి నుంచి ఎడమకు చూస్తూ ఫ్లాగ్ ఉన్నవి మొదట మాట్లాడుకుంటే 15 నిమిషాలు సరిపోతాయి.

స్ప్రింట్ ప్లానింగ్‌లో ఎలా పనిచేస్తుంది

బ్యాక్‌లాగ్ స్క్రీన్ జిరాలో అన్నిటికంటే బాగా కుదిరిన భాగం. పైన రాబోయే స్ప్రింట్లు, కింద మిగతా పని. టికెట్లను పట్టి లాగితే స్ప్రింట్ మొత్తం పాయింట్లు అప్పటికప్పుడు మారతాయి, ఒక్కొక్కరి మీద ఎంత పని పడిందో చూసుకోవచ్చు. స్ప్రింట్ పేరు, తేదీలు, గోల్ అన్నీ అక్కడే. గోల్ పెట్టెను ఖాళీగా వదిలేసే టీములే ఎక్కువ. స్క్రమ్ పద్ధతిని నిర్వచించే 2020 స్క్రమ్ గైడ్ స్ప్రింట్ గోల్‌ను స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌కు కట్టుబాటుగా చెప్పింది, కాబట్టి ఆ ఒక్క వాక్యం రాయకుండా స్ప్రింట్ మొదలుపెట్టకండి. స్టోరీ పాయింట్ల ప్రస్తావన ఆ గైడ్‌లో ఎక్కడా లేదు. జిరా రిపోర్టులు మాత్రం వాటి చుట్టూనే తిరుగుతాయి. టికెట్ల సంఖ్యతోనే లెక్కపెట్టుకోవాలంటే బోర్డు సెటింగులో ఎస్టిమేషన్‌ను ‘ఇష్యూ కౌంట్’కు మార్చుకోవచ్చు, స్టోరీలన్నీ ఇంచుమించు ఒకే సైజులో విడగొట్టే టీములకు అదే మేలు.

స్ప్రింట్ మొదలుపెట్టే క్షణం చాలా ముఖ్యం. ‘స్టార్ట్’ నొక్కినప్పుడు ఉన్న పాయింట్లనే వెలాసిటీ చార్టు కమిట్‌మెంట్‌గా రాసుకుంటుంది. ముందు నొక్కేసి, తర్వాత మధ్యాహ్నం కూర్చుని పాయింట్లు వేస్తే ఆ స్టోరీల కమిట్‌మెంట్ సున్నాగానే ఉండిపోతుంది. టీము ఒప్పుకున్నదానికంటే ఎక్కువ చేసినట్టు చార్టు చూపిస్తుంది. కాబట్టి వరస ఇది: పాయింట్లు, ఆ తర్వాత గోల్, ఆ తర్వాత తేదీలు, అందరూ సరేనన్నాకే స్టార్ట్.

సబ్‌టాస్కులకు (ఒక స్టోరీ కింద విడగొట్టిన చిన్న పనులకు) పాయింట్లు వేయకండి. కంపెనీ మేనేజ్డ్‌లో స్ప్రింట్ మొత్తంలోకి పేరెంట్ స్టోరీ పాయింట్లే వస్తాయి, సబ్‌టాస్కు మీద వేసినవి బర్న్‌డౌన్‌లో కలవవు. 8 పాయింట్ల స్టోరీ కింద ఏడు సబ్‌టాస్కుల్లో ఆరు ముగిసినా గీత ఒక్క గడి కూడా దిగదు. స్ప్రింట్ చివరి రెండు రోజుల వరకూ గీత బల్లపరుపుగా ఉండి ఒక్కసారిగా పడిపోతోందంటే, స్టోరీలు పెద్దవిగా ఉన్నాయని, లేదా అందరూ ఒకేసారి అన్నీ మొదలుపెట్టారని అర్థం. స్టోరీలను మూడు నాలుగు రోజుల్లో ముగిసేలా విడగొట్టండి, గీత దానంతట అదే మెట్లుగా దిగుతుంది.

పేరెంట్ డన్‌లో ఉండి సబ్‌టాస్కు తెరిచి ఉంటే స్ప్రింట్‌ను ముగించడానికి జిరా ఒప్పుకోదు. చిరాకుగా అనిపించినా ఇది మంచి కట్టడి. ముగించేటప్పుడు మిగిలిన టికెట్లను తర్వాతి స్ప్రింట్‌లోకా, బ్యాక్‌లాగ్‌లోకా అని అడుగుతుంది. బ్యాక్‌లాగ్ అనే ఎంచుకోండి. అన్నిటినీ నేరుగా తర్వాతి స్ప్రింట్‌లోకి తోసేస్తే, ఎవరూ చేయదలచుకోని పని నెలల తరబడి స్ప్రింట్ల మధ్య దొర్లుతూ ఉంటుంది. మళ్లీ తీసుకోవాలంటే ప్రొడక్ట్ ఓనర్ దాన్ని చేత్తో ఎత్తి పెట్టాలి, అప్పుడే అది నిజంగా కావాలా అన్న ప్రశ్న వస్తుంది.

మిగిలిపోయిన స్టోరీ పాయింట్లను తగ్గించవద్దు. 8 పాయింట్లలో ముప్పావు వంతు అయిపోయింది కదా అని 2కు మారిస్తే ఆ 6 పాయింట్ల పని ఏ స్ప్రింట్ లెక్కలోకీ రాదు. 8గానే ఉంచండి. ఒక స్ప్రింట్ తక్కువగా, తర్వాతది ఎక్కువగా కనిపించినా సగటు నిలుస్తుంది.

రిపోర్టులు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

వెలాసిటీని ఒకే అంకెగా చదవడం మానేయాలి. ఉదాహరణకు ఐదు స్ప్రింట్లలో పూర్తయినవి 21, 34, 18, 30, 27 పాయింట్లు అనుకోండి. సగటు 26. అయినా తర్వాతి స్ప్రింట్‌కు 26 అని మాట ఇవ్వడం కంటే, 18 దాకా కచ్చితంగా అవుతుంది, 34 దాటడం కష్టం అని చెప్పడం నిజాయితీ. గోల్‌కు తప్పనిసరి అయిన స్టోరీలు 18 లోపు ఉండేలా వరస పెట్టండి, మిగతావి ఆ తర్వాత. జిరా ఈ కింది, పై హద్దులను తనంతట తాను చెప్పదు, చార్టు కింద పట్టికలోంచి చదువుకోవాలి. రెండు టీముల వెలాసిటీలను పక్కపక్కన పెట్టి పోల్చడం అర్థం లేని పని, ఎందుకంటే ఒకరి 5 మరొకరి 5 కాదు.

రెట్రోస్పెక్టివ్‌కు (స్ప్రింట్ చివర టీము తన పనిని చర్చించుకునే సమావేశానికి) బర్న్‌డౌన్ కంటే స్ప్రింట్ రిపోర్టు పనికొస్తుంది. స్ప్రింట్ మొదలయ్యాక చొరబడిన టికెట్ల పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది, మధ్యలో తీసేసినవి వేరుగా ఉంటాయి. పని ఎందుకు మిగిలిందన్న వాదనకు జవాబు తరచుగా ఆ నక్షత్రాల్లోనే దొరుకుతుంది. ఇక బర్న్‌డౌన్ చూసేముందు బోర్డు సెటింగులో ‘వర్కింగ్ డేస్’ సరిచూసుకోండి. సెలవు రోజులు, టైమ్ జోన్ అక్కడ పెట్టకపోతే ఆదర్శ గీత (పని ఇలా తగ్గాలని చూపేది) సెలవుల్లో కూడా దిగుతూ పోతుంది, టీము ప్రతి వారం మొదట్లో వెనకబడినట్టు కనిపిస్తుంది.

స్ప్రింట్లు లేని టీములకు కాన్‌బాన్ బోర్డు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, కాలమ్‌కు పెట్టే గరిష్ఠ పరిమితి ఎవరినీ ఆపదు. రివ్యూకు 3 అని పెడితే నాలుగోది లాగినప్పుడు కాలమ్ ఎర్రబడుతుంది, అంతే. దాన్ని గౌరవించడం టీము పని. గౌరవించడం ఎందుకు ముఖ్యమో లిటిల్స్ లా చెబుతుంది: ఒక టికెట్టుకు పట్టే సగటు కాలం అంటే చేతిలో ఉన్న పనిని వారానికి ముగిసే పనితో భాగించడమే. చేతిలో 12, వారానికి 3 ముగుస్తుంటే ఒక్కోదానికి 4 వారాలు. అదే వేగంతో, చేతిలో 6 మాత్రమే ఉంటే 2 వారాలు. ఎవరినీ తొందరపెట్టకుండా కాలం సగమైంది.

కంట్రోల్ చార్టు ఈ కాలాన్నే చుక్కలుగా చూపిస్తుంది. తెరవగానే కాలమ్‌ల ఎంపికలో టు డూను తీసేయండి, లేకపోతే బ్యాక్‌లాగ్‌లో నిద్రపోయిన నెలలన్నీ కలిసి అంకె ఎక్కడికో పోతుంది. డూప్లికేట్ అని నేరుగా మూసేసిన టికెట్లు సున్నా దగ్గర పోగుపడి సగటును కిందికి లాగుతాయి. వాటిని పక్కన పెట్టే క్విక్ ఫిల్టర్ ఒకటి రాసి పెట్టుకోండి. ఇంకొకటి: కాన్‌బాన్ బోర్డులో డన్ కాలమ్ రెండు వారాలు దాటినవాటిని దాచేస్తుంది. పూర్తయిన పని ఎక్కడికి పోయిందని వెతకకండి, సెర్చ్‌లో అంతా ఉంటుంది.

సెర్చ్, ఆటోమేషన్

జిరా సెర్చ్ భాష జేక్యూఎల్ అరపూటలో వస్తుంది, నేర్చుకున్నవాళ్లకు జిరా వేరే సాధనంలా కనిపిస్తుంది. తెరిచి ఉన్న స్ప్రింట్‌లో, డన్ కేటగిరీలో లేని, ఎవరికీ అప్పగించని టికెట్లు అన్న ఒక్క ఫిల్టర్ సేవ్ చేసుకుంటే స్టాండప్‌కు సగం సిద్ధమైనట్టే. రెండు ఉచ్చులు చెప్పాలి. ఒక లేబుల్ కానివి అని వెతికితే అసలు లేబులే లేని టికెట్లు ఫలితాల్లోకి రావు. ‘లేదా లేబుల్ ఖాళీ’ అని విడిగా చేర్చాలి. రెండోది, కదలని పనిని పట్టుకోవడానికి ‘అప్‌డేటెడ్’ తేదీ నమ్మదగ్గది కాదు. ఎవరైనా కామెంటు రాసినా, ఆటోమేషన్ ఒక ఫీల్డు ముట్టుకున్నా ఆ తేదీ మారిపోతుంది. ‘గత ఏడు రోజుల్లో స్టేటస్ మారనివి’ అని వెతకండి.

ఆటోమేషన్‌లో నియమం అంటే ట్రిగ్గర్, షరతు, చర్య. కోడ్ రాయనక్కర్లేదు. రెండు నియమాలు ఏ టీముకైనా పనికొస్తాయి: మొదటి సబ్‌టాస్కు ఇన్ ప్రోగ్రెస్‌కు వెళ్లగానే పేరెంట్‌నూ తీసుకెళ్లడం, పుల్ రిక్వెస్టు (కోడ్ మార్పును చేర్చమనే అభ్యర్థన) మెర్జ్ అవగానే టికెట్టును టెస్టింగ్‌లోకి జరపడం. రెండోది పనిచేయాలంటే బ్రాంచ్ పేరులోనో కమిట్ మెసేజ్‌లోనో టికెట్ కీ ఉండాలి. ఇది టీము అలవాటుగా మారితే బోర్డును చేత్తో జరిపే పని దాదాపు పోతుంది. ఒక నియమం చేసిన మార్పు మరో నియమాన్ని లేపడం లేదంటే తప్పేమీ కాదు, డిఫాల్ట్‌గా జిరా అలా లేపదు. రెండో నియమం సెటింగులో ఆ అనుమతి టిక్ చేయాలి. నియమాల మీద నియమాలు పెరగనివ్వకండి. ఉచిత ప్లాన్‌లో నెలకు 100 సార్లు, స్టాండర్డ్‌లో 1700 సార్లే నడుస్తాయి. ప్రతి టికెట్టుకూ కామెంటు రాసే నియమం ఒక్కటి చాలు, నెల మధ్యలోనే కోటా ఖాళీ చేయడానికి.

ఈమెయిల్ నోటిఫికేషన్లు డిఫాల్ట్‌గా విపరీతం. మొదటి రోజే తగ్గించండి.

క్లౌడ్ మీద ఆధారపడటం

సొంత సర్వర్ మీద నడిపే రోజులు ముగుస్తున్నాయి. సర్వర్ ఎడిషన్‌కు సపోర్టు 2024 ఫిబ్రవరిలో ఆగింది. డేటా సెంటర్ ఎడిషన్‌ను కూడా 2029 మార్చితో ముగిస్తామని అట్లాసియన్ 2025లో ప్రకటించింది. అంటే ఇప్పుడు జిరా ఎంచుకోవడమంటే క్లౌడ్‌ను ఎంచుకోవడమే. 2022 ఏప్రిల్‌లో పాత యాప్‌ను తొలగించాల్సిన స్క్రిప్టుకు యాప్ ఐడీల బదులు సైట్ల ఐడీలు వెళ్లడంతో సుమారు 775 మంది కస్టమర్ల సైట్లు తొలగిపోయాయి, కొందరికి తిరిగి రావడానికి రెండు వారాలు పట్టింది. డేటా చివరకు వచ్చింది గానీ, ఆ రెండు వారాలూ స్ప్రింట్‌లో ఏముందో చూసుకునే దారి లేని టీములు ఇబ్బంది పడ్డాయి. నడుస్తున్న స్ప్రింట్, బ్యాక్‌లాగ్ పైన ఉన్న యాభై టికెట్లు వారానికోసారి సీఎస్‌వీగా దించి జిరా బయట ఎక్కడైనా పెట్టుకోవడం ఐదు నిమిషాల పని.

ఎవరికి సరిపోతుంది

పది మంది వరకు ఉచిత ప్లాన్ చాలు, ప్రయత్నించి చూడటానికి కాదు, నిజంగా పని చేయడానికే. అందులో పర్మిషన్లు మార్చే వీలుండదు, స్టోరేజీ 2 జీబీ. బయటి కాంట్రాక్టర్లకు కొన్ని టికెట్లు చూపించకూడదంటే స్టాండర్డ్‌కు వెళ్లాలి. చాలా టీముల పనిని కలిపి, ఒక్కో టీము సామర్థ్యంతో ప్లాన్ వేసే ‘ప్లాన్స్’ ప్రీమియంలోనే ఉంటుంది. ఐదుకు తక్కువ టీములుంటే దాని కోసం డబ్బు పెట్టకండి. రెండు వారాలకోసారి టీముల ప్రతినిధులు టైమ్‌లైన్ ముందు కూర్చుంటే సరిపోతుంది.

నలుగురైదుగురు డెవలపర్లు, పని మొత్తం కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోనే అంటే గిట్‌హబ్ ప్రాజెక్ట్స్ చాలు, టికెట్టుకూ కోడ్‌కూ మధ్య దూరమే ఉండదు. సెటింగులు చూసుకునే ఓపిక లేని, కానీ వేగం కావాలనుకునే టీముకు లీనియర్ అనే సాధనం బాగుంటుంది. వర్క్‌ఫ్లో చాలావరకు వాళ్లే నిర్ణయించి ఇస్తారు, సైకిల్‌లో (వాళ్ల స్ప్రింట్‌లో) మిగిలిన పని తర్వాతి సైకిల్‌కు దానంతట అదే వెళ్తుంది. ఆ చివరి లక్షణం మేలా కీడా అన్నది టీమును బట్టి. పైన చెప్పిన కారణానికి మా ఓటు దానికి కాదు. అట్లాసియన్ 2017లో కొన్న ట్రెల్లో జాబితాలకు బాగుంటుంది, స్ప్రింట్ రిపోర్టులకు కాదు. రెండు మూడు టీములు, ఆడిట్ కోసం వర్క్‌ఫ్లో కట్టడులు, టెస్టింగ్ టీము వేరుగా, ఇలాంటి చోట జిరాకు పోటీ తక్కువ.

వేరే సాధనం నుంచి జిరాకు వస్తుంటే, స్ప్రింట్ మధ్యలో మారకండి; ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యే రోజు మారండి. మూసేసిన పాత టికెట్లు తేవద్దు, తెరిచి ఉన్నవాటిలోనూ ఆరు నెలలుగా ఎవరూ ముట్టనివి వదిలేయండి. సీఎస్‌వీ ద్వారా తెచ్చిన టికెట్లకు స్టేటస్ మార్పుల చరిత్ర రాదు, కాబట్టి కంట్రోల్ చార్టు, వెలాసిటీ రెండూ ఆ రోజు నుంచే మొదలవుతాయి. మూడు స్ప్రింట్లు ముగిసేదాకా ఆ అంకెల మీద ఎవరికీ మాట ఇవ్వకండి. పాత సాధనాన్ని ఆ మూడు స్ప్రింట్లూ చదవడానికి మాత్రమే తెరిచి ఉంచండి, అందులో కొత్త టికెట్లు తెరిచే హక్కు మొదటి రోజే తీసేయండి.